సరి అంకెలు మల్లన్నవి

గౌలిపుర గల్లీలల్ల ఎల్లప్ప ఇల్లు ఏది అని అడిగితె, ఏ ఎల్లప్ప అని ఎదురు అడుగుతరు. పాల ఎల్లప్ప ఒకడున్నడు, బండి ఎల్లప్ప ఒకడున్నడు. షట్టర్ ఎల్లప్ప అంటె మాత్రం మల్ల మాట్లాడరు. చెయ్యి చాపి ఇల్లు చూపెట్టి, తలకాయ దించుకోని పోతరు. ముందుగాల గట్ల లేకుండె. మల్లన్న పోయినంకనే గట్లయ్యింది.

ఎల్లప్ప నాయినకు నాలుగు బర్రెలుండె. పొద్దుగాల పేడ తీసుడు, గడ్డి తెచ్చుడు, పాల క్యాన్లు మోసుడు. మూడో తరగతి కాన్నుంచి బడి బందైంది. బర్రెల వాసన వాని బట్టలకెల్లి పోయేటిది గాదు. పదారేండ్లకు ఇగ ఈ పని నాతోని గాదని, షట్టర్లు చేసే కార్ఖాన్ల చేరిండు. ఆడనే మల్లన్న దొరికిండు. మల్లన్న వానికంటె ఆరేండ్లు పెద్ద. జహనుమా బస్తీల ఉండేటోడు. మనిషి పొట్టిగ, మెడ లేనట్టుండేటోడు. రెక్కలు మాత్రం ఇనుప కడ్డీలు.

గా రోజులల్ల పాతబస్తీ దుకాండ్లకు చెక్క పలకలుండె. పొద్దుగాల పలక మీద నంబరు చూసుకుంట తీసుడు, మాపటికి నంబరు చూసుకుంట పెట్టుడు. జర లొల్లి అయ్యిందంటె పలకలు పెట్టే లోపట దుకాణం ఊడ్సుకపోయేటోల్లు. అందుకే సేట్లందరు ఒకల్ని చూసి ఒకలు షట్టర్లు పెట్టించిన్రు. ఒక్క గుంజు గుంజితె దుకాణం బందు. మల్లన్న, ఎల్లప్ప కార్ఖాన ఇడిసిపెట్టి సొంతంగ పని పట్టిన్రు. పదమూడేండ్లు ఇద్దరు కలిసి తిరిగిన్రు.

షట్టర్‌ను మనిషి ఎత్తుతడనుకుంటరు. మనిషి ఎత్తడు. మీద డబ్బల దాసుకున్న స్ప్రింగు ఎత్తుతది. మనిషి ఊకె చెయ్యి పెడ్తడు, గంతే. షట్టర్ మూసి ఉన్నప్పుడు లోపట స్ప్రింగు పూరా కోపం మీద ఉంటది. తెరిస్తె జర సల్లవడ్తది. పూరా సల్లవడది. పూరా సల్లవడితె అది స్ప్రింగు గాదు, తీగ చుట్ట.

మల్లన్న షట్టర్‌కు చెవి పెట్టి రోగం చెప్పేటోడు. కుయ్యుమంటె నూనె లేదు. ముసురు పట్టకముందె గ్యాసునూనె కొట్టి, తుప్పు కడిగి, గ్రీజు పెట్టుమనేటోడు. టక్కుటక్కుమంటె స్ప్రింగు చుట్టు మీదికి చుట్టు ఎక్కుతున్నది, ఇప్పి సాపు చెయ్యాలె. ఏ చప్పుడు లేకుంట బరువైతున్నదంటె స్ప్రింగు సచ్చింది, మార్చుడే.

"సప్పుడు చేసే దానితోని ఫికర్ లేదు తమ్మీ," అనేటోడు. "మా రాజమణి దినాం సప్పుడు చేస్తది. మంచిగనే ఉన్నం. సప్పుడు చెయ్యని దానితోనే భయం."

స్ప్రింగుకు బిగువు ఎక్కిచ్చుడు ఇద్దరి పని. షట్టర్ రేకును మీదికి చుట్టి, తాడుతోని కట్టి, నడుమ పైపును తిప్పాలె. పైపు ఎడమ కొసకు ఎల్లప్ప, కుడి కొసకు మల్లన్న. ఇద్దరికి ఇద్దరు చెరొక స్టూలు మీద, చెరొక పండ్ల పానా పట్టుకోని. ఒకడు అర చుట్టు తిప్పి పట్టుకుంటడు. ఇంకొకడు తన పానా పైపుకు తగిలిచ్చి, అది కర్సుకున్నంక ఇంకో అర చుట్టు తిప్పుతడు. నడుమ చుట్టిన రేకు ఇంత లావు అడ్డముంటది. వీని చెయ్యి వానికి కనవడది, వాని చెయ్యి వీనికి కనవడది. అందుకని అంకె. "ఒకటి" అని ఎల్లప్ప అంటడు. "రెండు" అని మల్లన్న అంటడు. "రెండు" అంటె రెండు అని గాదు. నేను పట్టిన, నువ్వు ఇడువు అని. ఆ మాట ఇనంగనే ఎల్లప్ప కండ్లు మూసుకోని తన పానా ఇడుస్తడు. బేసి అంకెలు ఎల్లప్పవి, సరి అంకెలు మల్లన్నవి. పెద్ద షట్టర్‌కు పదారు. పదమూడేండ్లల్ల ఎన్నిసార్లు చెప్పుకున్నరో. చెవి ఇన్నదంటె చెయ్యి ఇడిసేది. నడుమ మనసుకు పని లేకుండె.

ఎమర్జెన్సీ ఎత్తేసిన యేడు, ఎండకాలం, అమాస రోజు. అమాస నాడు మండి బందు ఉంటది, తక్కెడ ముట్టరు. షట్టర్ పనులన్ని అమాస మీదనే పడేటియి. మీరాలం మండి దిక్కు సోమయ్య సేటు పప్పుల గోదాం షట్టర్‌కు బిగువు పెడ్తున్నరు. పది అంకెలైనయి. మల్లన్న పది చెప్పి పట్టుకోని ఉన్నడు. కింద హోటల్ కెల్లి చాయ్ వచ్చింది. సోమయ్య అరుగు మీద కూసోని, "అయ్యా, చాయ్ సల్లారుతుంది, ఇగ దిగుండ్రి," అన్నడు.

ఎల్లప్ప చాయ్ దిక్కు చూసిండు. పానా పైపుకు తగిలిచ్చిండు. తగిలిచ్చిండు గని అది ఇంక కర్సలె. పండ్లు జారుతున్నయి. నోరు మాత్రం ఆగలె.

"పదకొండు," అన్నడు.

మల్లన్న ఇడిసిండు.

పైపు గిర్రున ఎనుకకు తిరిగింది. బర్రె ఈనేటప్పుడు మూల్గినట్టు చప్పుడు. మల్లన్న పానా ఎగిరి వాని చెవి ఎనుక తగిలింది. మల్లన్న ఒర్లలె. స్టూలు మీది కెల్లి తనంత తనే దిగి, కందిపప్పు బస్త మీద కూసున్నడు. ఎల్లప్ప దుంకి ఉరికిండు.

"నువ్వు పట్టినవ్ గదా తమ్మీ?" అని అడిగిండు మల్లన్న.

"పట్టిన అన్నా," అన్నడు ఎల్లప్ప.

గంతే. మల్లన్న తలకాయ పక్కకు ఒరిగింది. దవాఖానకు రిక్షా కట్టే లోపటనే పానం పోయింది.

స్ప్రింగు తెగిందని అందరు అన్నరు. "పాతదయ్యిందా ఏంది?" అని సోమయ్య అడిగిండు. "ఔ సేటు, పాతది," అన్నడు ఎల్లప్ప. స్ప్రింగు తెగలె. అది కొత్తది. ఆ ముచ్చట ఎల్లప్పకు ఒక్కనికే ఎరుక. సోమయ్య ఆ షట్టర్‌ను కిందికి గుంజి తాళమేసి, పసుపు బొట్లు పెట్టి, పక్క తలుపు కెల్లి యాపారం చేసుకున్నడు. ఇంకే మిస్త్రీ దాన్ని ముట్టనన్నడు.

దినాలైనంక ఎల్లప్ప మల్ల పనికి పోయిండు. జోడు పెట్టుకో అని ఇంటిది కృష్ణమ్మ మొత్తుకున్నది. వాడు ఇనలె. జోడు వస్తె మల్ల ఆ మనిషికి అంకె చెప్పాలె. నోటికెల్లి అంకె అంటెనే వానికి ఒళ్లు జలదరిచ్చేది. ఒక్కడే చేసేటోడు. రెండు కొసలకు రెండు పానాలు తగిలిచ్చి, ఎడమది తిప్పి దాన్ని తాడుతోని కట్టి, దిగి, స్టూలు మోసుకపోయి కుడి దిక్కు ఎక్కి, అది తిప్పి, దాన్ని కట్టి, మల్ల దిగి. ఇద్దరు గంటల చేసేది ఒక్కనికి పూట పట్టేది.

మూడు నెలలైనంక, శాలిబండ దిక్కు ఒక బట్టల దుకాణం. అమాస. మిట్ట మధ్యానం. బజార్ల కుక్క సుత లేదు. ఎల్లప్ప ఎడమ పానా తిప్పి, ఎన్కటి అలవాటు మీద "ఒకటి" అని గొణిగిండు. తాడు అందుకోబోతున్నడు.

"రెండు," అని ఇనవడ్డది కుడి దిక్కు కెల్లి.

చెవి ఇన్నది. చెయ్యి ఇడిసింది.

ఇడిసినంక తెలివికొచ్చింది వానికి. తాడు కట్టలె. పట్టుకున్నోడు లేడు. కండ్లు గట్టిగ మూసుకోని, ఇగ పానా వచ్చి మొకానికి తగుల్తదని నిలవడ్డడు. తగల్లె. కండ్లు తెరిసిండు. పైపు కదలకుంట ఉన్నది. మెల్లగ దిగి రేకు అటు దిక్కు పోయి చూసిండు. కుడి పానా మీదికి ఉండె గదా, ఇప్పుడు కిందికి తిరిగి ఉన్నది. అర చుట్టు. స్టూలు లేదు, మనిషి లేడు. పానా పిడి మాత్రం సన్నగ వణుకుతున్నది, ఎవరన్న బలం పెట్టి పట్టుకుంటె వణికినట్టు.

బయటికి ఉరికి మోరి దాటి నిలవడ్డడు. గని పని నడుమల ఉన్నది. బిగువు నడుమ ఇడిసిపెట్టి పోతె దుకాణం తెరిసినోని పానానికే ముప్పు. మల్ల ఎక్కిండు. "మూడు," అన్నడు.

"నాలుగు," అన్నడు మల్లన్న.

గా దినం కెల్లి ప్రతి అమాసకు గట్లనే. వేరే మాట లేదు. ఏం తమ్మీ అని లేదు, చాయ్ తాగుదామా అని లేదు. సరి అంకెలే. ఎల్లప్ప చెవులల్ల దూది పెట్టుకోని చూసిండు. అంకె పైపు కెల్లి అరచేతులల్లకు వచ్చింది. నోరు మూసుకోని అంకె చెప్పకుంట చూసిండు. పైపు మొత్తం చలి జరమొచ్చినట్టు వణికింది, చెప్పేదాంక ఆగలె.

పని మాత్రం మస్తు ఒడిసేది. ఎల్లప్ప షట్టర్లు చిటికెన ఏలుతోని లేస్తయి అని పేరొచ్చింది. వానికి కూడు సయించకుండె. మనసుల ఒకటే గుబులు, ఏదో ఒక దినం మల్లన్న పట్టకుంటనే అంకె చెప్తడు. నేను చెప్పినట్టే చెప్తడు. నా చెయ్యి ఇడుస్తది. గా దినం ఏది? ఆరు కాడనా, పన్నెండు కాడనా? ఇడువొద్దు అని చేతికి ఎంత చెప్పినా, అంకె ఇనంగనే చెయ్యి తనంత తనే తెరుసుకునేది. పని మానేద్దామంటె ఇంట్ల ముగ్గురు పిల్లలు. మల్ల బర్రెల కాడికి పోదామంటె బర్రెలు ఎప్పుడో అమ్ముడువోయినయి.

బజార్ల హమాలీలకు వాడు ఆటవొమ్మ అయ్యిండు. స్టూలు మీద వాడు "ఒకటి" అని ఆగి, "మూడు" అని ఆగి, "ఐదు" అనుడు చూసిన్రు.

"మూడో తరగతిల మానేసిండు గదా, సరి అంకెలు నేర్పకముందె బడి కెల్లి ఎల్లగొట్టినట్టున్నరు," అన్నడొకడు.

"నడుమలయి సేటు కాడ కుదువ పెట్టిండు రా భాయ్," అన్నడు ఇంకొకడు.

నగిన్రు. గని వాడు పని చేసే జాగల ఎవ్వడు నిలవడేటోడు గాదు.

కృష్ణమ్మకు నగుడు రాలె. మొగడు నిద్రల "తొమ్మిది" అంటడు, ఆగుతడు, రెండు చేతులు తెరుస్తడు. ఎవరికి చెప్పాల్నో తెల్వక నీళ్ల నల్ల కాడ చెప్పింది. నల్ల కాడ చెప్పిన మాట జహనుమా దాంక పోనీకె ఎంతసేపు?

రాజమణి వచ్చింది. మల్లన్న పెండ్లాం. మొగడు పోయినంక జల్‌పల్లి దిక్కు కొత్త ఇండ్లు కడ్తుంటె ఇటుకలు మోసే పనికి పోతున్నది. మొకం కాలి నల్లగయ్యింది. గడప మీద కూసున్నది. కృష్ణమ్మ నీళ్లిస్తె పక్కన పెట్టింది, తాగలె.

"ఎల్లప్పా, ఆయన నీతోని మాట్లాడుతున్నడంట గదా."

ఎల్లప్ప గోడకు ఆనుకున్నడు. "మాట్లాడడు వదినా. అంకెలు చెప్తడు."

"గొంతు ఆయనదేనా?"

"ఆయనదే."

రాజమణి కొంగు మొకానికి పెట్టుకోలె, ఏడ్వలె. "గా దినం పొద్దుగాల లొల్లి పెట్టుకున్నం," అన్నది. "కూరల ఉప్పు ఎక్కువైందని ఆయన, తింటె తిను లేకుంటె పో అని నేను. తినకుంట పోయిండు. బువ్వ డబ్బ గూడ కొంచవోలె. ఆయన అలిగి పోయిండా, మర్సిపోయి పోయిండా, నాకు తెల్వాలె. యాడాది సంది గదే. ఇటుకలు మోస్తుంటె గదే, పండుకుంటె గదే. నన్ను తీస్కపో. నేనడుగుత."

"అది ఆడోల్ల పని గాదు వదినా."

"తలకాయ మీద ఇరవై ఇటుకలు పెట్టుకోని మూడు అంతస్తులు ఎక్కుతున్న. అది ఎవలి పని?"

"అడిగితె చెప్పడు."

"నీకు చెప్పడు. నాకెందుకు చెప్పడు?" అని లేసింది. "సోమయ్య సేటు షట్టర్ గట్లనే ఉన్నదంట గదా. ఆడికే తీస్కపో. పోయిన కాడనే ఉంటడు మనిషి. అచ్చే అమాసకు వస్త."

ఆమె పోయినంక ఎల్లప్ప పొద్దుమూకే దాంక గోడకే ఆనుకోని ఉన్నడు. ఆమెను తీస్కపోతె పదకొండు ఆమె ముంగట చెప్పాలె. ఆ షట్టర్ కింద, ఆ అంకె. మల్లన్న చెప్తడో చెప్పడో గని, తను చెప్పకుంట ఉండలేడు. తీస్కపోకుంటె ఆమె ఆగదు, ఒక్కతే పోతది.

సోమయ్యకు కబురు పెడితె మొకం ముడిసిండు. గని కొత్త పంట దిగే యాళ్లయ్యింది, పక్క తలుపుల కెల్లి బస్తలు పడ్తలేవు. సరే అన్నడు. అమాస నాడు రాజమణిని చూసి మల్ల గొణిగిండు.

"ముండమోపిని తెచ్చి నా దుకాణం పైపు ముట్టిస్తవా?"

"నీ దుకాణంలనే అయిన గదా సేటు," అన్నది రాజమణి. "నువ్వు ఇచ్చిన పేరే."

సోమయ్య పీట తెచ్చుకోని బజారు దిక్కు మొకం పెట్టి, గోదాంకు ఈపు చేసి కూసున్నడు.

యాడాది మూసి ఉన్న షట్టర్. స్ప్రింగు బిగువు లేక పీనుగు బరువైంది. నలుగురు హమాలీలు గడ్డపారలు పెట్టి లేపి, రేకు చుట్టి, తాడు కట్టి, బువ్వ తినొస్తమని చెప్పి మల్ల రాలె. లోపట మక్కిన పప్పు వాసన. ఎల్లప్ప గ్యాసునూనె కొట్టిండు, తుప్పు తుడిసిండు, గ్రీజు పెట్టిండు. ఎంత ఆలిశం చేసినా పని అయిపోయింది. ఇగ పైపే ఉన్నది.

"వదినా, నువ్వు ఊకె స్టూలు మీద నిలవడు. పానాకు మొకం ఎదురు పెట్టకు. పానా పండ్లు పైపుకు కర్సుకోవాలె, కర్సుకున్నంకనే అంకె. నువ్వు ఏం ముట్టకు."

"నాకు ఎరుకే. మంచం పట్టె మీద పానా పెట్టి నాకు చూపెట్టెటోడు," అన్నది. కుడి దిక్కు స్టూలు ఎక్కింది. రేకు అడ్డంల ఆమె కనవడకుంట అయ్యింది.

"ఒకటి," అన్నడు ఎల్లప్ప.

మల్లన్న గొంతుకు చెవి పెట్టిండు. తర్వాత వచ్చింది. "రెండు."

వాడు ఇడిసిండు. పైపు ఆగింది.

"ఇన్నవా వదినా?"

"ఏమినవడలె." ఆమె గొంతు మారింది. "గని ఎల్లప్పా, పానా తిరిగింది. నేను ముట్టలె. నా ముంగట తిరిగింది."

"దిగుతవా?"

"దిగ."

మూడు. నాలుగు. ఐదు. ప్రతి సరి అంకెకు అటు దిక్కు ఆమె ఊపిరి గుంజుకునుడు ఇనవడ్తున్నది. ఆరు కాడ ఆమె, "ఏమయ్యా," అని పిలిసింది మెల్లగ. "నేను వచ్చిన. అలిగినవా?" అన్నది. ఎనిమిది కాడ మల్ల అడిగింది. "పిడి మీద చెయ్యి పెట్టిన, మోట నీళ్లోలె సల్లగున్నది," అన్నది. తొమ్మిది ఎల్లప్పది. పది మల్లన్నది. గోదాంల పది అనే మాట శాన సేపు ఉన్నది, పొగ ఉన్నట్టు.

ఇగ పదకొండు.

ఎల్లప్ప పానా తగిలిచ్చిండు. చూసిండు. పండ్లు కర్సుకున్నయి. మల్ల గుంజి చూసిండు. కర్సుకున్నయి. అర చుట్టు తిప్పి, బలమంత పెట్టి పట్టుకున్నడు. నోరు తెరిసిండు, అంకె రాలె.

"వదినా," అన్నడు. "గా దినం ఈ అంకెను ఉత్తగ చెప్పిన. పానా కర్సలె. చాయ్ వచ్చిందని చెప్పిన. ఆయన నమ్మి ఇడిసిండు. స్ప్రింగు తెగలె."

అటు దిక్కు కెల్లి చప్పుడు లేదు. బజార్ల సోమయ్య ఈపు కనవడ్తున్నది. ఈపు కదల్లె గని, ఇన్నడని ఎరుకైతున్నది.

"పదకొండు," అన్నడు ఎల్లప్ప.

పన్నెండు రాలె.

వాడు ఆగిండు. ఎప్పుడు ఇంతసేపు ఆగలె మల్లన్న. రెక్కలు గుంజుతున్నయి. అటు దిక్కు పానా పట్టినోడు లేడని అరచేతికి తెలుస్తున్నది. పైపు బరువంత వాని ఒక్కని మీదనే ఉన్నది. ఇడిస్తె పైపు తిరుగుతది. తిరిగితె కుడి పానా ఎగురుతది. కుడి పానా ముంగట రాజమణి మొకమున్నది.

"వదినా, దిగు. జల్ది దిగు. ఆయన పట్టలె. నా చేతులు ఆగుతలెవ్వు."

"పానం పోయేముందు ఏమన్నడు?"

"వదినా, దిగు!"

"ఏమన్నడు చెప్పు."

"నువ్వు పట్టినవ్ గదా తమ్మీ అని అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

చెమట కండ్లల్ల పడ్తున్నది. తుడుసుకోనీకె చెయ్యి లేదు. "పట్టిన అన్న."

స్టూలు కిర్రుమన్నది. దిగుతున్నదనుకున్నడు ఎల్లప్ప. దిగుతె మంచిది, ఆమె దిగి పక్కకు జరిగేదాంక పట్టుకుంటె సాలు, తర్వాత ఏమైతె అది కానీ అనుకున్నడు. స్టూలు మల్ల కిర్రుమన్నది. పానా పండ్లు పైపు మీద గీసుకున్న చప్పుడు. ఒకసారి జారింది. మల్ల పెట్టింది. ఈసారి కరుక్కుమని కర్సుకున్నది. ఇటుకలు మోసిన రెక్కలు, ఒళ్లు బరువంత ఏసి గుంజింది. పైపు కదిలింది. అర చుట్టు.

"పన్నెండు," అన్నది రాజమణి.

ఎల్లప్ప చెయ్యి తెరుసుకోలె. ఇన్నేండ్ల సంది అంకె ఇనంగనే తెరుసుకునే చెయ్యి, ఇప్పుడు పానాకు అతుకుపోయింది. ఇడువాలె అని వాడు అనుకుంటున్నడు, చేతి ఏళ్లు ఇంటలేవు. ఆమె పట్టిందో లేదో. పట్టకుంట చెప్పినా చెప్పొచ్చు. వాని మీద ఆమెకు గంత హక్కున్నది.

"ఇడువు," అన్నది ఆమె. "నేను పట్టిన."

వాడు ఒక్కొక్క ఏలు తీసిండు. బొటనేలు ఆఖరికి తీసిండు. పైపు ఆగింది.

పదమూడు, పద్నాలుగు, పదిహేను, పదారు. ఎల్లప్ప బోల్టులు బిగిచ్చిండు. ఇద్దరు దిగిన్రు. సోమయ్య లోపటికి వచ్చి, ఎవ్వల మొకం చూడకుంట షట్టర్ కిందికి గుంజి, మల్ల లేపిండు. రెండు ఏళ్ల కొసలు పెడితెనే లేసింది. పోయి గల్లపెట్టె తెరిసి కూలి తెచ్చి ఇద్దరి నడుమ బస్త మీద పెట్టి, బయటికి పోయిండు.

రాజమణి చేతులకు అంటిన గ్రీజు గోనెసంచికి తుడుసుకుంటున్నది. అరచేతులు గీసుకపోయినయి.

"ఆయన పన్నెండు చెప్పలె వదినా," అన్నడు ఎల్లప్ప. "నేను చెప్పినంక పోయిండు."

"చెప్పిండు."

వాడు తలకాయ ఎత్తిండు.

"నాకంటె ముందే చెప్పిండు," అన్నది. "నీకినవడలె. ఆయన చెప్పినంకనే నేనన్న. పద్నాలుగు గూడ. పదారు గూడ."

"అలిగిండా అని అడిగినవా?"

"అడిగిన."

"ఏమన్నడు?"

"అంకె చెప్పిండు." కొంగు దులుపుకున్నది. "పని మీదుంటె గంతే ఆయన. ఇంకో మాట మాట్లాడడు." గుమ్మం దాంక పోయి ఆగింది. ఎనుకకు తిరగలె. "మా గల్లీల అడుగు పెట్టకు ఎల్లప్పా. నా పిల్లల మొకం చూడకు. అమాసకు పని ఉంటె కబురు పంపు. నేనొస్త."

గట్లనే నడిసింది తర్వాత. అమాస వస్తె మీరాలం మండిల, శాలిబండల, లాల్‌దర్వాజ దిక్కు ఎల్లప్ప ముంగట నడిసేటోడు, రాజమణి పది అడుగుల ఎనుక నడిసేది. కూలి సగం సగం. ఇద్దరి నడుమ వేరే ముచ్చట లేకుండె. హమాలీలు ముందుగాల నగిన్రు, తర్వాత మానేసిన్రు.

ఎల్లప్పకు మల్ల ఎన్నడు మల్లన్న గొంతు ఇనవడలె. చెవులు రిక్కిచ్చి ఇనేటోడు. పైపుకు అరచెయ్యి ఆనిచ్చి చూసేటోడు. ఇనుము ఇనుమే.

వాడు బేసి అంకె చెప్పి, పైపు బరువు రెండు రెక్కల మీద ఏసుకోని ఆగుతడు. రేకు అటు దిక్కు రాజమణి దబ్బన చెప్పది. పానా కర్సుకున్న చప్పుడు వానికి ఇనవడ్తది, గని అంకె రాదు. తలకాయ పక్కకు వంచి, ఏదో ఇంటున్నట్టు ఆగుతది. ఒకసారి ఊపిరి తీసినంతసేపు. ఒకసారి కింద పెట్టిన చాయ్ సల్లారేటంతసేపు. లోపట స్ప్రింగు మూల్గుతుంటది. ఎంతసేపు ఇంటదో ఆమె ఇష్టం. ఆమె నోటికెల్లి అంకె వచ్చేదాంక ఎల్లప్ప పట్టుకోని ఉండాలె.